అయిదు సీలల చక్రాలు

1949 నవంబరు 8, మంగళవారం. పొద్దున ఏడు గంటలు.

పట్వారి వెంకటనారాయణ పంతులు గారు నాకొక డైరీ ఇచ్చారు. ఈ సంవత్సరానిదే. జనవరి ఒకటో తేదీ పేజీలో ఆయన సిరాతో ఒక్క వాక్యం రాసుకున్నారు: "నేటి నుండి ప్రతి దినము తప్పక డైరీ వ్రాయవలెను." జనవరి రెండు నుంచి నిన్నటి దాకా అన్నీ తెల్ల కాగితాలే. "నాకు కుదరలేదయ్యా, నీకైనా పనికొస్తది" అన్నారు.

నా పేరు వడ్ల బాలనర్సయ్య. ఊరు నానక్‌రామ్‌గూడ. రాసేది చెవి మీద పెట్టుకునే వడ్రంగి పెన్సిలుతో.

నిన్న తెల్లవారుతుండగా నాకు కూతురు పుట్టింది! పెళ్లైన తొమ్మిదేళ్లకు! నీలమ్మ క్షేమం. పిల్ల క్షేమం. నేనే ఇంకా కుదుటపడలేదు.

ఇరవై ఒకటో దినం ఆదివారం, 27వ తేదీ. ఆ రోజు తొట్టెల పండుగ. పిల్లను తొట్టెలలో వేసి చెవిలో పేరు చెప్పవలసింది మేనత్త. మేనత్త అంటే మా అక్క సక్కుబాయి. ఉండేది కూకట్‌పల్లిలో, నాలుగు కోసుల దూరం. అక్క మా గడప తొక్కి మూడేళ్లయింది.

కారణం కూడా రాయాలి. లేకపోతే డైరీ ఎందుకు? మూడేళ్ల కింద అక్కను అత్తగారింటికి దింపడానికి బండి కట్టాను. చక్రాలు కొత్తవి, నా చేతులతో చేసినవి. తుమ్మకట్టె ఇంకా పచ్చిది. కొండాపూర్ దాటాక వాగులో ఎడమ చక్రం ఆకులు, అంటే నడుమ ఉండే కర్రలు, ఊడిపోయాయి. అక్క రాళ్ల మీద పడింది. నడుము దెబ్బతింది. ఇప్పుడు నడుస్తుంది, వంట చేస్తుంది, కానీ ఎడ్లబండి కుదుపు తట్టుకోలేదు. దవాఖానాలో డాక్టరు బండి ఎక్కొద్దన్నాడు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అదే నా బాధ.

అప్పటి నుంచి నాగళ్లు చేశాను, దర్వాజాలు చేశాను. చక్రం మాత్రం చేయలేదు. ఆ ఏడాది కోయించిన తుమ్మ చెక్కలు అటక మీద అట్లాగే ఎండుతున్నాయి. చక్రాలు కావాలంటే ఊరంతా నార్సింగి పోతోంది.

అయితే ఇప్పుడు నా దగ్గర తోకబండి ఉంది!

అది మిలిటరీ వాళ్లు జీపు వెనక కట్టుకునే ఇనుప బండి. దసరాకు ముందు తిరుమలగిరిలో పాత సామాను హర్రాజు వేస్తే నేనూ, కమ్మరి ఐలయ్యా కలిసి కొన్నాం. తోకబండి అన్నది ఊరు పెట్టిన పేరు. కింద కమాను పట్టీలున్నాయి, కూర్చుంటే ఊయలే. ఎడ్లకు కట్టడానికి నొగ, కాడి కూడా చేసేశాను. లోపం ఒకటే. టైర్లు కుళ్లి పేలికలైపోయాయి.

తీర్మానాలు:

1. 26వ తేదీ సాయంత్రంలోగా తోకబండికి రెండు మంచి రబ్బరు చక్రాలు ఎక్కిస్తాను. అక్కను దాని మీదే తెస్తాను.

2. నా చేతి కర్రచక్రం దానికి తగిలించను. ఏమైనా సరే.

3. చక్రాలు ఎక్కేదాకా కల్లు ముట్టను.

సాక్షి: కమ్మరి ఐలయ్య (బొగ్గు వేలిముద్ర).

సాక్షి షరతు: 27 దాటితే తోకబండిని ముక్కలు చేసి నాగటి కర్రులు కొడతాడట. వాడు హర్రాజుకు వచ్చిందే ఇనుము కోసం.

నవంబరు 9, బుధవారం.

తోకబండిని కడిగాం. కోళ్లను వెళ్లగొట్టాం. లోపల పదకొండు గుడ్లు! పాత రంగు కింద అమెరికా మిలిటరీ వాళ్ల తెల్లటి నక్షత్రం బయటపడింది. ఐలయ్య ఎక్కి ఎగిరెగిరి చూశాడు.

"బాలన్నా, తాసిల్దారు కుర్చీ గుడ గిట్ల ఊగదే!"

సాయంత్రం అయిదు గంటలు. పెంటయ్య గౌడ్ కల్లు లొట్టితో మా వాకిలి ముందు నుంచి వెళ్లాడు. కావాలనే నెమ్మదిగా వెళ్లాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో మానేసేవాణ్ని!

నవంబరు 10, గురువారం.

చక్రాలు విప్పే పని. ఒక్కో చక్రానికి అయిదు సీలలు. మోటారు వాళ్లు బోల్టులంటారు, మాకు సీలలే.

కుడి చక్రం: అయిదు నట్లూ పిలిచినట్టు వచ్చేశాయి.

ఎడమ చక్రం: ఒక్కటీ కదల్లేదు. పానాకు ఇనుప గొట్టం తగిలించాం. గొట్టానికి ఐలయ్య వేలాడాడు. ఠప్! సీల విరిగింది. ఇంకో దానికి నేను వేలాడాను. ఠప్!

తేలిందేమిటంటే తుప్పు. కిరసనాయిలు పోసి వదిలేశాం. ఇంకా పదహారు రోజులున్నాయి. తొందరేం లేదు.

నవంబరు 12, శనివారం. సికింద్రాబాద్ ప్రయాణం!

కూకట్‌పల్లి సడక్ దాకా నడక, అక్కడి నుంచి బస్సు. అక్క ఇల్లు సడక్ నుంచి కూతవేటు దూరం. వెళ్లలేదు. వెళ్తే చక్రాలతోనే వెళ్తాను.

రొండిలో కొలత తాడు. కుడి చక్రానికి ఒక బొక్క నుంచి ఎదుటి బొక్కకు పట్టి ముడి వేసుకున్నాను. మా పనిలో కొలత ఇట్లాగే, ఈ ఆకు నుంచి ఎదుటి ఆకుకు.

మోటారు సామాన్ల గల్లీలో ఖాదర్ భాయ్ దుకాణం. ఆయన నమాజుకు వెళ్లాడు. తమ్ముడున్నాడు. "నువ్వే ఎతుక్కో ఉస్తాద్" అన్నాడు. నాలుగు కుప్పలు తిరగేశాను. అయిదో కుప్పలో తాడు పట్టి చూస్తే ముడికి ముడి సరిపోయింది! ఒకటి కాదు, రెండు! టైర్లు, ట్యూబులతో సహా! బస్సు పైన వేయించి, నేనూ పైనే కూర్చుని, సడక్ నుంచి ఊరిదాకా దొర్లించుకుంటూ వచ్చాను.

నాలుగు రోజుల్లో పని అయిపోయింది. మిగిలిన రోజులు డైరీలో ఏం రాయాలో.

నవంబరు 13, ఆదివారం.

పొద్దున ఆరు. పెంటయ్య దగ్గర నీరా తాగాను. నీరా కల్లు కాదు. చెట్టు దిగీదిగగానే తాగితే అది చెట్టు నీళ్లు. మూడో తీర్మానం చెక్కు చెదరలేదు.

ఎనిమిది. ఊరంతా చేరింది. కుడివైపు చక్రం ఎత్తి పట్టాం. ఒక సీల బొక్కలో దూరింది. రెండోది సగం దూరింది. మూడోదానికి ఎదురుగా ఇనుమే ఉంది, బొక్క లేదు. తిప్పి పట్టాం. మళ్లీ అంతే. పురిటి గది కిటికీలోంచి నీలమ్మ పిల్లను భుజాన వేసుకుని చూస్తోంది.

"ఏమయ్యా, గా చక్రానికి ఆరు బొక్కలున్నయేంది?"

లెక్కపెట్టాను. ఆరు. తోకబండికి సీలలు అయిదు.

లెక్కపెట్టాలని నాకు తోచనే లేదు! బండి చక్రానికి ఆకులు పన్నెండు. అది నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పన్నెండే. ఎవడు లెక్కపెడతాడు?

ఊరు నవ్వుకుంటూ ఇళ్లకు పోయింది. మా అమ్మ కిష్టమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమెకు చెవుడు.

నవంబరు 15, మంగళవారం.

మళ్లీ సికింద్రాబాద్. ఈసారి ఖాదర్ భాయ్ ఉన్నాడు. ఎర్రటి గడ్డం, నల్లటి చేతులు. తాడు చూపించాను. ఆయన నేల మీద సుద్దతో గుండ్రంగా గీసి, అయిదు చుక్కలు పెట్టాడు.

"ఉస్తాద్, అయిదు బొక్కలకు ఎదురు బొక్క యాడుంటది? జర సూపెట్టు."

చూశాను. ఏ చుక్కకూ ఎదురు చుక్క లేదు. ఇరవై ఏళ్లు చక్రాలు చేసినవాణ్ని ఒక మోటారు మనిషి సుద్దముక్కతో కూర్చోబెట్టాడు!

విరిగిన సీలల సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వి నవ్వి చాయ్ ఒలకబోసుకున్నాడు.

"గీ మిలిటరీ బండ్లకు ఎడమ దిక్కు మర ఉల్టా ఉంటది ఉస్తాద్. ఉరుకుతుంటే నట్లు ఊడొద్దని. ఇప్పాలంటే మీరు గుడి సుట్టు తిరుగుతరు సూడు, గట్ల తిప్పాలె."

అంటే మేమిద్దరం వేలాడి వేలాడి విప్పలేదు, బిగించాం! ఖాదర్ భాయ్ జాలిపడి ఉల్టా మర సీలలు రెండు ఊరికే ఇచ్చాడు. అయిదు బొక్కల చక్రాలు మాత్రం లేవట. వచ్చే నెల హర్రాజు దాకా ఆగాలట. "ఫికర్ చెయ్యకు" అన్నాడు. అది చెప్పినంత తేలిక కాదు.

తీర్మానం: ఇక మీదట ఎడమ అంటే ఉల్టా. ఈ మాట చచ్చేదాకా మర్చిపోను.

నవంబరు 16, బుధవారం. మధ్యాహ్నం.

దొరికింది! ఉపాయం దొరికింది!

కుళ్లిన టైరు మీద అంకెలు: 600, 16. ఆరు బొక్కల చక్రాల టైర్ల మీద అంకెలు: 600, 16. చక్రాలు వేరైతేనేం, టైర్లు ఒకటే! తోకబండి పాత చక్రం రెండు ఇనుప పళ్లాలు కలిపి, చుట్టూ చిన్న నట్లతో బిగించినది. పళ్లాలు విడదీసి, కుళ్లిన టైరు పారేసి, మంచి టైరు పెట్టి, మళ్లీ మూసేయడమే.

నీలమ్మకు కిటికీలోంచి చెప్పాను. "లెక్కపెట్టినవా?" అంది. ఈ ఇంట్లో నాకు విలువ తగ్గింది.

నవంబరు 17, గురువారం.

కుడి చక్రం తయారు! గాలి కొట్టడానికి బడి పంతులు గారి సైకిలు పంపు తెచ్చాం. ఊళ్లో మగవాళ్లంతా వంతులు వేసుకున్నారు. గంటన్నర పట్టింది. సీలలకు ఎక్కించాం. అయిదుకు అయిదు! ఎడమ చక్రం నట్లు గుడి చుట్టూ తిరిగినట్టు తిప్పితే నవ్వుతూ వచ్చేశాయి. కొత్త సీలలు కూడా దిగ్గొట్టాం.

సాయంత్రం ఐలయ్య కల్లు తెప్పించాడు. నేను తాగలేదు. పక్కన కూర్చున్నాను. వాసన పీల్చకూడదని తీర్మానంలో లేదు.

నవంబరు 19, శనివారం. రాస్తుంటే చెవులు గుయ్యిమంటున్నాయి.

ఎడమ చక్రం. టైరు పెట్టాం, పళ్లాలు మూశాం, గాలి కొట్టాం. రెండు గంటలు! చివరి వంతు పట్వారి గారిది. పంచె ఎగగట్టి మరీ కొట్టారు. టైరు రాయిలా గట్టిపడింది.

"ఇంకొంచెం బిగిచ్చు బాలన్నా, ఊడుతదన్న రంధి ఉండది" అన్నాడు ఐలయ్య.

పానా తీసుకున్నాను. పళ్లాల చుట్టూ ఉన్న చిన్న నట్లు. ఎడమ చక్రం. ఎడమ అంటే ఉల్టా. మర్చిపోలేదు కదా! ఉల్టాగా బిగించాను. ఒకటి. రెండు. ఐదోది తిప్పుతుండగా

ధడాల్!

ఒక పళ్లెం ఎగిరి పేడకుప్పలో పడింది. ఐలయ్య తలపాగా చింతకొమ్మకు తగులుకుంది. పట్వారి గారు ఎటు పోయారో కాసేపు తెలియలేదు. తర్వాత గడ్డివాము వెనక నుంచి పలికారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. మా అమ్మ "ఎవల్లో తలుపు కొట్టిండ్రు, సూడుండ్రి" అంది.

ఉల్టా మర సీలలకే. పళ్లాల నట్లు మామూలువే. ఈసారి బిగించబోయి ఏకంగా విప్పాను.

టైరు అంచు చీలిపోయింది. ట్యూబు రెండు ముక్కలు. పళ్లెం వంకర పోయింది. పిల్ల మాత్రం నిద్ర లేవలేదు.

నవంబరు 20, ఆదివారం.

తాగాను. ఎంతో రాయను.

కారణాలు: 1. చెవుల హోరు. 2. ఒక చక్రం ఎక్కింది కాబట్టి సగం తాగవచ్చు. 3. సగం ఎక్కడ ఆగిందో లొట్టి మీద గీత లేదు.

నవంబరు 21, సోమవారం.

ఆశ! నార్సింగిలో ఎవరో అదే హర్రాజులో అయిదు బొక్కల చక్రం ఒకటి కొన్నారని పెంటయ్య చెప్పాడు. పరుగున వెళ్లాను.

కొన్నది నిజమే. కొన్నాయన చెప్పులు కుట్టేవాళ్లకు ఇచ్చాడు. చక్కటి టైరట, పాతిక జతలు వచ్చాయట. ఊళ్లో అడుగడుగునా చూశాను. బావి దగ్గర, సావడి దగ్గర, కల్లు దుకాణం దగ్గర. నార్సింగి ఊరంతా నా చక్రం మీద నడుస్తోంది! ఇనుప చక్రాన్ని ఒక ముసలమ్మ నీళ్ల బాన కింద కుదురుగా పెట్టుకుంది. "మా ఆయన తెచ్చిండు, పానం పోయినా ఇయ్య" అంది.

ఆఖరి జత ఒకటి అమ్మకానికి మిగిలింది. కొన్నాను. చక్రం దొరకలేదు కానీ చక్రంలో కొంత భాగం కాళ్లకు తొడుక్కుని ఇంటికి వచ్చాను.

ఐలయ్య తోకబండి చుట్టూ తిరుగుతూ వేళ్లతో ఇనుము మందం చూస్తున్నాడు. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

నవంబరు 22, మంగళవారం.

కూకట్‌పల్లి వెళ్లాను. అక్కతో చెప్పాలి కదా, ఈసారికి కుదరదని. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. హర్రాజు వచ్చే నెల. పేరు అప్పుడు పెట్టుకోవచ్చు. పిల్లకేం తొందర? పేరుతో దానికేం పని?

అక్క గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి ముందు నా కాళ్ల వైపు చూసింది.

"కొత్త చెప్పులా? మంచిగున్నయ్. కూసో. నా కోడలు ఎట్లున్నది?"

అంతా చెప్పాను. ఆరు బొక్కలు, ఉల్టా మర, ధడాల్, చెప్పులు. అక్క నవ్వి నవ్వి నడుము పట్టుకుంది. ఆ చెయ్యి అక్కడికి పోగానే నా నవ్వు ఆగిపోయింది.

"ఏందిర, మొఖం గట్ల పెట్టినవ్?"

"నా చక్రం మీద నిన్ను ఎక్కిచ్చినందుకే గద అక్కా, గిదంత."

అక్క చింతపండు పళ్లెం పక్కకు జరిపింది.

"గా దినం కట్టె పచ్చిగున్నది, రెండు దినాలు ఆగు, ఇంకోల బండి అడుగుత అని చెప్పినవా లేదా? మీ బావకు జరమొచ్చిందని కబురొస్తె నేనే ఆగలె. నేనే నిన్ను తొందర పెట్టిన. నువ్వు పిలుస్తలేవంటే, నా మీద కోపమేమో అనుకున్న."

"నాకా? నీ మీదనా?"

"మల్ల నువ్వు చక్రాలు చేసుడే బంద్ జేసినవంట గద. ఎందుకుర? విరిగింది నా నడుము. నీ చెయ్యి గాదు."

మూడేళ్లు నేను ఒక గోడకు ఇటువైపు, అక్క అటువైపు కూర్చున్నాం. అక్క చింతపండు పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కుంది.

"శనివారం పొద్దుగాల్నే తయారుంట. గా అమెరికా చక్రం దొరుకకపోతె నా కోడలు పేరు లేకుంటనే తిరుగుతదా? నువ్వు చేసుకరా. ఎండిన కట్టెతోని చెయ్, గంతే."

నవంబరు 23, బుధవారం. తెల్లవారుజాము నాలుగు.

రెండో తీర్మానం కొట్టేశాను. పెన్సిలుతో రాసిందే కదా.

అటక ఎక్కాను. మూడేళ్ల తుమ్మ చెక్కలు. గోరుతో కొడితే కంచులా మోగుతున్నాయి. బాడిసకు నూరుడు పెట్టాను. మొదటి చెక్కను అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి చూశాను. తర్వాత పనిలో పడ్డాను.

నా లెక్క: సీలలు అయిదు. మూడుసార్లు లెక్కపెట్టాను. నీలమ్మను కూడా లెక్కపెట్టమన్నాను. అయిదే. కాబట్టి చక్రానికి అయిదు వంపు చెక్కలు, ఒక్కోదానికి రెండేసి ఆకులు. మొత్తం పది. మా వంశంలో పదాకుల చక్రం ఎవరూ చేయలేదు. మా నాయన ఉంటే బాడిస కామతో ఒక్కటి వేసేవాడు.

నవంబరు 24, గురువారం.

రోజంతా పని. రాయడానికి తీరిక లేదు. అన్నం కూడా దర్వాజా చెక్క మీద పెట్టుకునే తిన్నాను. సంతోషంగా ఉన్నాను.

నవంబరు 25, శుక్రవారం.

వంకర పోయిన పాత చక్రం మధ్యలో అయిదు బొక్కల బిళ్ల బాగానే ఉంది. ఐలయ్య దాన్ని కోసి తీసి నా చక్రం నడుమ దుంగకు బిగించాడు. ఎత్తు కుడి టైరుతో సమానం. ఇనుప పట్టా పిడకల మంటలో ఎర్రగా కాల్చాం. ఇద్దరం పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద వేశాం. నీళ్లు పోశాం. సుయ్యిమని ఆవిరి! పట్టా చల్లబడి బిగుసుకుంటుంటే చక్రమంతా కిర్రుమంది. ఆ చప్పుడు విని మూడేళ్లయింది.

ఐలయ్య మొహం తుడుచుకున్నాడు. "పొగ" అన్నాడు. నా వైపూ పొగే.

సాయంత్రం పరీక్ష. తోకబండికి కుడివైపు రబ్బరు, ఎడమవైపు కర్ర. అంచుదాకా నింపిన కల్లు కుండను ఐలయ్య ఒళ్లో పెట్టుకుని ఎక్కాడు. చెరువు కట్ట దాకా వెళ్లి వచ్చాం. చుక్క ఒలకలేదు! కమానులంటే కమానులే. రబ్బరు కోసం ప్రాణాలు తీసుకున్నాను కానీ సుఖమంతా కింద కమాను పట్టీల్లోనే ఉంది.

పరీక్ష అయ్యాక ఆ కుండను ఏం చేశామో సాక్షికి తెలుసు. సాక్షే ముందు మొదలుపెట్టాడు.

నవంబరు 26, శనివారం.

కూకట్‌పల్లి. అక్క తోకబండి చుట్టూ ఒకసారి తిరిగింది. ఇటు రబ్బరు చూసింది. అటు కర్ర చూసింది.

"ఇదేందిర! ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు ఏసినట్టున్నది!"

లోపల గడ్డి పరిచి, దుప్పటి వేసి, కుడివైపు మెత్త పెట్టాను. రబ్బరు వైపు మెత్తగా ఉంటుందని. అక్క ఎక్కి మెత్తను తీసి ఎడమవైపు వేసుకుంది.

"నేను నీ చక్రం దిక్కే కూసుంట."

ఎడ్లను అదిలించాను.

వాగు వచ్చింది. నేను దిగాను. ఎడమ చక్రం పక్కన, దాని ఆకులు చూస్తూ మోకాలి లోతు నీళ్లలో నడిచాను. పది ఆకులు. పదీ ఉన్నాయి. అదే రాళ్లు, అదే మలుపు. గట్టు ఎక్కాక వెనక్కి తిరిగి చూస్తే అక్క మెత్త మీద తల వాల్చి నిద్రపోతోంది. నాకు ఏడుపొచ్చింది. ఎడ్లు తప్ప ఎవరూ చూడలేదు.

గచ్చిబౌలి గుండ్ల దగ్గర లేచింది.

"వాగొచ్చిందారా?"

"పోయింది అక్కా."

నవంబరు 27, ఆదివారం.

తొట్టెల పండుగ. ఊరంతా వచ్చింది. పట్వారి గారు కూడా వచ్చారు, తోకబండికి దూరంగా కూర్చున్నారు. అక్క పిల్లను ఒళ్లోకి తీసుకుని చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. భూలక్ష్మి.

"గదేం పేరు వదినా?" అంది నీలమ్మ.

"గా దినం నేను పడ్తె పట్టుకున్నది భూదేవే గద! మీ ఆయన పట్టుకున్నడా?"

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

నవంబరు 28, సోమవారం. పొద్దున.

తోకబండి కుడివైపు ఒరిగి ఉంది! రబ్బరు టైరులో గాలి లేదు. వెతికితే వేలెడు తుమ్మముల్లు. తుమ్మచెట్టు నాకు కర్రచక్రం ఇచ్చి రబ్బరు చక్రం తీసుకుంది. ఎడమ చక్రం చెక్కు చెదరలేదు. కోడి లోపల అప్పుడే గుడ్డు పెట్టేసింది.

అక్క పక్షం రోజులుంటుంది. తర్వాత దింపాలి. కాబట్టి కొత్త తీర్మానాలు:

1. డిసెంబరు 12లోగా కుడివైపుకు అయిదు బొక్కల రబ్బరు చక్రం. ముందే లెక్కపెడతాను. దొరక్కపోతే రెండో పదాకుల చక్రం. (ఎందుకైనా మంచిదని చెక్కలు అటక దింపి పెట్టాను. ఊళ్లో ఇద్దరు తమ బండ్లకు కూడా చక్రాలు చేయమని చెప్పి పోయారు.)

2. అప్పటిదాకా కల్లు ముట్టను. రేపటి నుంచి. ఈ రోజు బావ వచ్చి ఉన్నాడు, మర్యాద కాదు.

సాక్షి: ఐలయ్య (వేలిముద్ర). కర్రుల సంగతి ఎత్తలేదు.

అక్క పక్కన కూర్చుని, "ఏం రాస్తున్నవ్? సదువు" అంది. చదివాను. ఇంకోటి రాయమంది. పెన్సిలుతో వద్దంది. నువ్వు పెన్సిలుతో రాసినవన్నీ కొట్టేస్తావని నీలమ్మ చెప్పిందట. పట్వారి గారింటి నుంచి సిరా బుడ్డి తెప్పించింది.

3. ఏడాదికి ఒక్కసారన్న సక్కుబాయిని తల్లిగారింటికి తోల్కరావాలె. ఏ చక్రం మీదనైనా సరే.

కింద అక్క వేలిముద్ర వేసింది. దాని పక్కన పిల్ల కాలి ముద్ర కూడా వేయించింది. సిరా మరకకు నీలమ్మ ఇంకా తిడుతోంది.

అయిదు గంటలైంది. పెంటయ్య లొట్టితో మా వాకిలి వైపే వస్తున్నాడు. ఆకాశం వైపు చూడటం రేపటి నుంచి.